వీపు తిప్పి చూసిన ఆట

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆ పిల్ల ఏమంత గొప్పగా ఆడదు. గోలు దగ్గర నిలబడుతుంది, వచ్చిన బంతిని ఆపుతుంది, అంతే. ఇది గుర్తు పెట్టుకుని మిగతాది చదవండి.

ఎనభై మూడో సంవత్సరంలో, చలి తగ్గుముఖం పట్టాక, టెక్కలి నుంచి జంషెడ్‌పూర్ వెళ్ళి తొమ్మిది రోజులు ఉండి వచ్చాను. మా చెల్లెలు రమణమ్మ పెళ్ళయి అక్కడికి వెళ్ళి పద్నాలుగేళ్ళయింది. దాని భర్త అప్పలనాయుడు ఉక్కు కార్ఖానాలో క్రేను నడుపుతాడు. చెల్లెల్ని చూడాలని వెళ్తున్నానని ఊళ్ళో చెప్పాను. అది అబద్ధం కాదు గానీ, అసలు కారణం మా మరిది ఉత్తరాలు.

రెండేళ్ళుగా అతని ఉత్తరాలన్నీ ఒకే తీరు. మొదటి వరుస 'ఇక్కడ మేమందరం క్షేమం'. చివరి వరుస 'అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను'. నడుమ ఉన్నదంతా హాకీ. వాళ్ళ వీధిలో పైడితల్లి అనే పిల్ల ఉందట, ఆడపిల్లల జట్టుకి గోలు కాస్తుందట. ఏ బంతి ఏ పక్క నుంచి వచ్చింది, ఏ కాలితో ఆపింది, పడుకుని ఆపిందా కూర్చుని ఆపిందా, అన్నీ రాసేవాడు. రాసి, ప్రతిసారీ చివర 'ఏం ఆట, దరిద్రపు ఆట' అని ముగించేవాడు. ఒక మనిషి డబ్బు పెట్టి ఇన్‌ల్యాండు కవరు కొని, మూడు మడతలూ నింపి తిట్టేంత పాపం ఆ పిల్ల ఏం చేసిందో చూడాలనిపించింది.

రైల్లో ఎండుచేపలు

చెల్లెలికి మూడు మూటలు కట్టాను. జీడిపప్పు ఒకటి, తాటిబెల్లం ఒకటి, ఎండుచేపలు ఒకటి. పలాసలో ఎక్కినప్పుడు పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. బరంపురం దాటేసరికి నా చుట్టూ నలుగురు పడుకునేంత జాగా అయింది. మూడో మూట మహిమ.

ఒక్క బెంగాలీ ఆవిడ మాత్రం కదల్లేదు. పైగా దగ్గరికి జరిగి, మూట వైపు చూపించి, "శుట్కీ?" అంది, ఎండుచేపలా అని. అవునన్నాను. ఆవిడకి నా భాష రాదు, నాకు ఆవిడది రాదు. ఖరగ్‌పూర్ దాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. మరమరాల్లో ఆవనూనె పోసి, పచ్చిమిరపకాయ తుంచి పెట్టింది. ఆవనూనె మొదటిసారి తింటే ముక్కులోంచి పొగ వచ్చినట్టుంటుంది. రెండోసారి కూడా అలాగే ఉంటుంది. దిగేటప్పుడు నాలుగు చేపలు ఆవిడకి ఇచ్చాను. మరమరాల సంచీ నాకు వదిలేసి వెళ్ళింది.

భుయ్యాడీహ్

టాటానగర్ స్టేషనుకి మరిది వచ్చాడు. నూనె మరకల చొక్కాతో డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు.

"ఒదినా, రైల్లో ఇబ్బంది నేదు గదా?"

"నేదు నాయినా. మీ పైడితల్లి ఎలగుంది?"

అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "దాని మొహం. నిన్న ఏడు పెనాల్టీ కార్నర్లు వచ్చీసినాయి. ఏడూ ఆపీసింది. సిగ్గు నేకపోతే సరి."

పెనాల్టీ కార్నరంటే ఏమిటో నాకు తెలియదు. ఏడింటికి ఏడూ ఆపడం సిగ్గుపడాల్సిన సంగతని మాత్రం తెలిసింది.

వాళ్ళుండేది భుయ్యాడీహ్‌లో. సువర్ణరేఖ నది ఒడ్డున ఇంటికి ఇల్లు ఆనుకుని ఉంటుంది. వీధి మొదట్లో నిలబడితే మన ఊరే అనిపిస్తుంది. పెద్దవాళ్ళందరిదీ మన మాటే. పిల్లలు మాత్రం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతారు. మా చెల్లెలి కూతుర్ని "అన్నం తిన్నావేటే?" అంటే, "ఖా లియా" అంటుంది. కడుపు నిండింది కదా, ఏ భాషలో నిండితేనేం అని ఊరుకున్నాను.

ఆ రాత్రి అన్నాలప్పుడు చెల్లెల్ని అడిగేశాను, ఆ పిల్ల మీద మీ ఆయనకి అంత కోపం ఎందుకని. రమణమ్మ నన్ను వింతగా చూసింది.

"కోపమేటి అప్పా! దిష్టి తగుల్తాదని. మనూర్లో పసిగుంట బొద్దుగా ఉంటే ఏటంటాం? ఎలకపిల్లలాగుంది అంటాం గాదేటి? ఇదీ అదే."

అప్పుడు సంగతి బయటపడింది. మూడేళ్ళ కిందట ఎవరో పెద్దమనిషి ఆట అయ్యాక పైడి మెడలో దండ వేసి, ఇలాంటి పిల్ల ఈ ఊళ్ళో ఇంకొకతె లేదని అందరి ముందూ పొగిడాడట. తెల్లారి కుళాయి దగ్గర కాలు జారి పడి, మణికట్టు విరిగి, ఆర్నెల్లు ఆటకు దూరమైంది. ఆనాటి నుంచి వీధి వీధంతా కట్టుబాటు చేసుకుంది. పైడిని ఎవరూ పొగడరు. బంతి ఆపిన ప్రతిసారీ తిడతారు. బాగా ఆపితే బాగా తిడతారు.

"ఈ ఆదివారం గోవింద్‌పూర్‌లో ఆట ఉంది," అన్నాడు మరిది. "పట్నం నుంచి ఒక ఆఫీసు జట్టోళ్ళు సూడ్డానికి వత్తన్నారు. నచ్చితే జట్టులోకి తీసుకుంటారు, ఉజ్జోగం ఇస్తారు. గోలుకి ఒక్కర్తినే తీసుకుంటారట." అని, నోరు జారినట్టు ఉలిక్కిపడి, "తీసుకోరులే. ఎవుల్తీసుకుంటారు దీన్ని," అని కలిపాడు.

డాబా మీద

మర్నాడు పొద్దున్న పైడితల్లిని చూశాను. పక్కింటి డాబా మీద ఎండలో కూర్చుని, కాళ్ళకు కట్టుకునే మెత్తలు దబ్బనంతో కుట్టుకుంటోంది. ఒక్కో మెత్త చంటిపిల్ల పరుపంత ఉంది. లోపల దూది, నడుమ పేము బద్దలు, పైన కాన్వాసు గుడ్డ. పంతొమ్మిదేళ్ళ పిల్ల, పొడగరి. ఎడమ చేతి బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది. తండ్రి లేడు. తల్లి సన్యాసమ్మ పొద్దున్నే ఇడ్లీలు వేసి అమ్ముతుంది. ఆ పిండి రుబ్బేది ఈ పిల్లే.

"నువ్వేనేటి పైడివి? ఎంత సిక్కిపోయావో," అన్నాను. మర్యాద తెలిసినదాన్ని కదా.

"హాఁ పెద్దమ్మా," అని నవ్వింది. "సబ్ యహీ బోల్తే హైఁ."

అందరూ అదే అంటారట. నవ్వుతూనే అంది గానీ, దబ్బనం మీంచి కళ్ళు ఎత్తలేదు.

జీడిపప్పు గుప్పెడు పెట్టాను. బదులుగా కిందికెళ్ళి వేడి వేడి ధుస్కాలు తెచ్చింది. బియ్యం, శనగపప్పు రుబ్బి నూనెలో వేస్తారు. మన గారెకు అన్నగారిలా ఉంటుంది. చిల్లు ఉండదు. బంగాళాదుంప కూరతో తింటారు. వీధి చివర బండి మీద రూపాయికి నాలుగు. రెండు తింటే మధ్యాహ్నం భోజనం అక్కర్లేదు. నేను నాలుగు తిని భోజనం కూడా చేశాను.

గురువారం

ఆదివారం ఆటకు ముందు గురువారం ఇంకొకటి, ఇంటి దగ్గరే. నది వైపు ఎర్రమట్టి మైదానం. మా వీధివాళ్ళు నలభై మంది దాకా పైడి నిలబడే గోలు వెనక చేరారు. ఎవరి చోటు వాళ్ళకుంది. గోలు కర్రకి మూడడుగుల దూరంలో ఉన్న రాయి మా మరిదిది. దాని మీద ఇంకెవరూ కూర్చోరు.

హాకీ గురించి నాకు అర్థమైనంత చెబుతాను. అందరూ కర్రలు పట్టుకుని ఒక చిన్న తెల్ల బంతి కోసం పరిగెడతారు. గోలు కాసే పిల్ల పరిగెత్తదు. తలుపు లేని ఇంటికి గుమ్మంలో నిలబడిన మనిషిలాగ, వచ్చేవాళ్ళందర్నీ చూస్తూ ఉంటుంది. ఆ బంతి రాయిలాంటిది. చేత్తో పట్టి చూశాను. దాన్ని ఎవరైనా నా మీదకి కొడితే నేను పక్కకి తప్పుకుంటాను. ఈ పిల్ల దానికి ఎదురెళ్తుంది.

మొదటి బంతి వచ్చింది. ఆపింది.

"ఏడిసినట్టుంది!" అని అరిచాడు మరిది.

రెండోది ఆపింది.

"పోవే దిక్కుమాలినదానా!" అంది సన్యాసమ్మ, కన్నతల్లి.

మూడోది పడుకుని ఆపింది. ఇటుకబట్టీలో పని చేసే ముసలాయన ఒకాయన లేచి నిలబడి, వంశంతో సహా తిట్టాడు. పక్కవాళ్ళు ఆయన భుజం తట్టి కూర్చోబెట్టారు.

సగం ఆట అయ్యాక అవతలి జట్టు పిల్ల ఒకతె ఒంటరిగా చొచ్చుకొచ్చింది. కుడివైపు కొట్టబోయినట్టు చూపించి, ఎడమవైపు కొట్టింది. పైడి అప్పటికే కుడివైపు ఒరిగిపోయింది. అయిపోయిందనుకున్నాను. గాలిలోనే ఎలా తిరిగిందో, ఎడమ కాలు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. బంతి మెత్తకు తగిలి చచ్చిన ఎలకలా కింద పడింది.

"అబ్బ! ఎంత బాగా ఆపిందమ్మా!"

ఆ మాట ఎవరన్నారా అని నేనూ చుట్టూ చూశాను. నేనే.

చెల్లెలు పమిట నోట్లో కుక్కుకుంది. మరిది రాయి మీంచి మెల్లగా నా వైపు తిరిగాడు. అలా తిరిగిన మనిషి ఇంకా నన్ను చూస్తుండగానే, గోలు ముందు గుంపులోంచి ఎవరో తోసిన మామూలు బంతి, మూడేళ్ళ పిల్ల కూడా ఆపేది, పైడి రెండు కాళ్ళ మధ్య నుంచి దూరిపోయింది.

ఆ ఒక్క గోలుతోనే ఓడిపోయారు. ఇంటికెళ్ళే దారిలో అందరూ నాకు చాలా మర్యాదగా దారి ఇచ్చారు.

ఒక పోగు

సాయంత్రం సన్యాసమ్మ వచ్చింది. మంచినీళ్ళు తాగింది. మా ఊళ్ళో వానల గురించి అడిగింది. తర్వాత చీర కొంగు సర్దుకుని, "వదినా, ఏటనుకోకు. నువ్వు మైదానానికి కట్టుకొచ్చిన సీర అంచు నుంచి ఒక్క పోగు," అంది.

ఇది మన దగ్గరా ఉన్నదే. ఎవరి దిష్టి తగిలిందో వాళ్ళ బట్ట పోగు, ఉప్పు, ఎండుమిరపకాయలు కలిపి తిప్పి నిప్పుల్లో వెయ్యాలి. మా ఊళ్ళో నేను చాలామంది పోగులు అడిగి తెచ్చినదాన్నే. ఇవ్వడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. పెట్టె తెరిచి, నీలం అంచు నేత చీర తీసి, ఒక పోగు లాగి ఇచ్చాను. మిరపకాయలు అంతసేపు కాలినా ఎవరికీ దగ్గు రాలేదని, అంటే దిష్టి గట్టిదేనని, రాత్రి అన్నాలప్పుడు చెల్లెలు చెప్పింది. కొంచెం గర్వంగానే చెప్పినట్టు అనిపించింది.

మాంగో బజారు

శుక్రవారం నన్ను ఊరు చూపించడానికి తీసుకెళ్ళారు. నన్ను వీధిలో లేకుండా చెయ్యడానికని నాకు తెలుసు. వాళ్ళకీ నాకు తెలుసని తెలుసు. నది వంతెన దాటితే మాంగో. బజారు ఇరుకు. మన సంతలో బేరం ఆడితే అమ్మేవాడు అరుస్తాడు. అక్కడ అమ్మేవాడు నవ్వుతూ తల ఊపి, చెప్పిన ధరకే ఇస్తాడు. వేయించిన శనగల పిండి, సత్తూ అంటారు, ఒక శేరు కొన్నాను. నీళ్ళలో కలిపి, ఉల్లిపాయ, నిమ్మకాయ వేసుకుని తాగుతారు. ఇంటికొచ్చాక మా ఆయనకి చేసి ఇచ్చాను. సున్నిపిండి ఎందుకు తాగమంటున్నావని అడిగారు.

శనివారం సాయంత్రం వాకిట్లో పంచాయతీ కూర్చుంది. నేను గోవింద్‌పూర్ రావచ్చా కూడదా అని.

"ఒదినా, నువ్వు మా ఇంటి మనిసివి. కానీ రేపు మాత్రం ఇంట్లో ఉంటే బాగుంటాది," అన్నాడు మరిది, నేల చూస్తూ.

"రెండేళ్ళు ఉత్తరాలు రాసి రప్పించింది నువ్వే గదా నాయినా," అన్నాను.

డాబా మీంచి పైడి గొంతు వినిపించింది. "పెద్దమ్మ ఆయేగీ." గోడ మీంచి వంగి, చేత్తో చూపిస్తూ చెప్పింది. పెద్దమ్మ వస్తుంది. గోలు వెనకే కూర్చుంటుంది. కాకపోతే ఇటు వీపు పెట్టి కూర్చుంటుంది. చూపు తగలకపోతే దిష్టి ఎలా తగులుతుంది?

పంచాయతీ సరేనంది. మరిది నాకు ఆ పూటంతా పాఠం చెప్పాడు. గోలు లోపల కింద చెక్క బిగించి ఉంటుంది. 'టక్'మని చెక్క మోగితే గోలు అయిపోయినట్టు. 'దబ్'మని మెత్త మోగితే ఆపినట్టు. "రెండే సప్పుళ్ళు ఒదినా. కళ్ళతో పనేటి?"

గోవింద్‌పూర్

లారీల కార్ఖానా దగ్గరి కాలనీ అది. మైదానం గడ్డిది, తాళ్ళు కట్టారు, కుర్చీలు వేశారు. కుర్చీల్లో పట్నం నుంచి వచ్చినవాళ్ళున్నారని, అందులో నీలం స్వెటరు వేసుకున్నాయనే ముఖ్యుడని చెల్లెలు చెప్పింది. నేను చూడలేదు. వల వెనక నాలుగు గజాల దూరంలో గోనె పట్టా వేసి, గోలుకి వీపు పెట్టి కూర్చోబెట్టారు నన్ను. నా ఎదురుగా మా వీధివాళ్ళు. వాళ్ళు ఆట చూస్తున్నారు, నేను వాళ్ళని చూస్తున్నాను. నా వీపు వెనక పైడి వీపు.

అలా ఆట చూడడం మరీ అన్యాయంగా ఏమీ ఉండదు. సన్యాసమ్మ కొంగు నోటి దాకా వెళ్తే బంతి దగ్గరికి వస్తోందన్నమాట. కొంగు నోట్లోకి వెళ్తే బాగా దగ్గరికి వచ్చిందన్నమాట. తర్వాత దబ్‌మని చప్పుడు, తడి పరుపుని కర్రతో కొట్టినట్టు. వెంటనే నలభై గొంతులు. "నీ మొహం మండ!" "తగలడు!" "సిగ్గు నేదేటే నీకు!" నాకు ప్రాణం లేచొచ్చేది.

నాలుగోసారో అయిదోసారో, ఆ తిట్ల మధ్య ఇంకో గొంతు వినిపించింది. చాలా సన్నగా, నా వెనక నుంచి. "శాబాష్ పైడీ. బహుత్ అచ్ఛే."

ఎవరో అనుకున్నాను. మళ్ళీ దబ్‌మంది, మళ్ళీ తిట్లు, మళ్ళీ అదే గొంతు. "వాహ్ పైడీ." ఆ పిల్లే. తనలో తనే. నాలుగు గజాల దూరంలో, ఇటు తిరిగి కూర్చున్నదాన్ని కాబట్టి నాకు వినబడింది. ఎదురుగా ఉన్నవాళ్ళకి వాళ్ళ అరుపుల్లో వినబడదు. రెండేళ్ళుగా వినబడి ఉండదు. నేనిది చెల్లెలికి కూడా చెప్పలేదు.

సగం ఆట అయ్యాక జట్లు గోలు మారతాయి. ఆ సంగతి పంచాయతీలో ఎవరికీ గుర్తు రాలేదు. నేను కళ్ళు మూసుకుని చెల్లెలి చెయ్యి పట్టుకుని, మైదానం చుట్టూ నడిచి అటు చివరికి వెళ్ళాల్సి వచ్చింది. వేరుశనక్కాయలు అమ్మేవాడు నాకు చూపు లేదనుకుని ఒక పొట్లం చేతిలో పెట్టాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. గుడ్డిది కానని చెప్పడానికి నాకు హిందీ చాలలేదు.

మా జట్టు ఒక గోలు కొట్టింది. ఆట ముగిసే ముందు అవతలివాళ్ళకి పెనాల్టీ స్ట్రోక్ ఇచ్చారు. అంటే ఒక్కతే కొడుతుంది, ఒక్కతే ఆపుతుంది, మిగతావాళ్ళు చేతులు కట్టుకుని చూస్తారు. నా ఎదురుగా సన్యాసమ్మ కళ్ళు మూసుకుంది. అప్పలనాయుడు కళ్ళు తెరిచే ఉన్నాడు గానీ ఊపిరి తియ్యడం లేదు. ఈల మోగింది.

ఏ చప్పుడూ రాలేదు. చెక్కా మోగలేదు, మెత్తా మోగలేదు. ఇలాంటిది మరిది పాఠంలో లేదు.

తర్వాత అప్పలనాయుడు ఆకాశం వైపు చేతులెత్తి, జీవితంలో నేను వినని బూతు ఒకటి తిట్టాడు. చేత్తో ఆపిందన్నమాట.

ఆట అయిపోయింది. పైడి ఇంకా మైదానంలోనే ఉంది కనుక నేను తిరగలేదు. నీలం స్వెటరాయనే పుస్తకం పట్టుకుని మా వైపు వచ్చాడు. మొహం ముడుచుకుని ఉంది. వీళ్ళు తమ సొంత పిల్లని ఎందుకిలా తిడుతున్నారని హిందీలో అడిగాడు. మా జట్టులో పదిమందితో కలిసి ఉండాలి, సొంత వీధితోనే పడనిదాన్ని తీసుకెళ్ళి మేమేం చేసుకోవాలన్నాడు. మా మరిదిని చూసి, "ఆప్ బతాయియే. కైసీ ఖేల్తీ హై?" అన్నాడు. నువ్వు చెప్పు, ఎలా ఆడుతుంది అని.

ఆ పిల్ల ఆపిన ప్రతి బంతినీ ఇన్‌ల్యాండు కవర్లలో రాసిన మనిషి. చెమటలు పట్టాయి. కార్ఖానా కొలిమి ముందు కూడా అంత పట్టి ఉండవు.

"కుఛ్ ఖాస్ నహీఁ, సాబ్," అన్నాడు. పెద్దగా ఏం లేదని.

"ఏదో గాలికి తగుల్తాయి బాబూ," అంది సన్యాసమ్మ తెలుగులో, ఆయనకి అర్థం కాదనే ధైర్యంతో.

ఆయన కలం మూత తీశాడు. నలభై మందీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అందరికీ నిజం తెలుసు. చెబితే దిష్టి, చెప్పకపోతే ఉద్యోగం పోతుంది.

నేను ఆలోచించాను. నా దిష్టి ఒకసారి తగిలి, పోగు కాలి, ఉన్న పేరు పోనే పోయింది. మంగళవారం నా రైలు. ఈ పని నాకు తప్ప ఎవరికీ కుదరదు.

"బాబూ," అన్నాను కూర్చున్న చోటి నుంచే. "గాలీ నహీఁ. నజర్. బహుత్ అచ్ఛా లడకీ. బహుత్ బహుత్ అచ్ఛా." తిట్లు కావు, దిష్టి భయం, చాలా మంచి పిల్ల అని. ఇంకా చెప్పాలనిపించింది. హిందీ అయిపోయింది. మిగిలింది తెలుగులో చెప్పాను. "ఇలగ ఆపే గుంట ఇంకోతి నేదు బాబూ."

నా వెనక మెత్తల పట్టీలు విప్పుతున్న చప్పుడు ఆగిపోయింది.

ఆయన నా వైపు తిరిగాడు. "నజర్?" అన్నాడు. తర్వాత స్వెటరు బయటికి వేలాడుతున్న తాయెత్తు లోపలికి తోసుకుని, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. నేను నోరు తెరవకముందే రాసేశాడని మరిది అంటాడు. తెరిచాకే రాశాడని చెల్లెలు అంటుంది. నాకు ఎదురుగానే జరిగినా, నేనప్పుడు సన్యాసమ్మ మొహం చూస్తున్నాను.

ఆ సాయంత్రం ఆవిడ మళ్ళీ వచ్చింది. మంచినీళ్ళు అడగలేదు, వానల గురించి కూడా అడగలేదు. నేనే పెట్టె తెరిచి ఇంకో పోగు లాగి ఇచ్చాను. పుచ్చుకుని, నా చెయ్యి వదలకుండా చాలాసేపు కూర్చుంది.

తిరిగొచ్చాక

నెల తిరక్కుండా చెల్లెలి ఉత్తరం వచ్చింది. పైడిని తీసుకున్నారట. పట్నం వెళ్ళిపోయిందట. వీధి వీధంతా స్టేషనుకెళ్ళి, రైలు కనుమరుగయ్యేదాకా తిట్టి వచ్చారట. ఉత్తరం అడుగున పైడి హిందీలో ఒక్క వరుస రాసింది. మా స్కూలు మాస్టారి దగ్గరికి తీసుకెళ్తే చదివి, దీని అర్థమేమిటమ్మా అని ఆయనే నన్ను అడిగారు.

'పెద్దమ్మా, చీర అంచు ఇంకా ఎంత మిగిలింది?'

జవాబు రాయడానికి కార్డు తెచ్చుకున్నాను. కార్డు మీద ఏం రాసినా దారిలో పదిమంది చదువుతారు. అందుకని పైన 'ఏడిసావులే' అని ఒక్క ముక్క రాసి, కింద సంతకం పెట్టాను. నడుమ జాగా అంతా ఖాళీగా వదిలేశాను. రాయనిది ఆ పిల్ల చదువుకుంటుంది.